అమ్మానాన్న ఆరు నెలలు అమెరికా పోతున్నారు, ఇక్కడి సిమ్‌లకి రోమింగ్ ఎట్టా పెట్టాలి? ఓటీపీలు వస్తాయా?

కావలి_పెద్దమ్మాయి:

అందరికీ నమస్తే. మా అమ్మానాన్న వచ్చే నెల డల్లాస్ పోతున్నారు, చెల్లెలి పురిటికి. ఆరు నెలల దాకా అక్కడే. ఇక్కణ్ణించి కారులో చెన్నై, చెన్నై నుంచి దుబాయ్, అక్కడ విమానం మారి డల్లాస్. ఇద్దరూ విమానం ఎక్కడం ఇదే మొదలు. పచ్చళ్లు, కారప్పొళ్లు, పసిబిడ్డకి పాత చీరల పొత్తిగుడ్డలు అన్నీ సర్దేశారు గానీ ఫోన్ల సంగతి మాత్రం నా నెత్తిన పెట్టారు.

నాన్న రిటైర్డ్ టీచరు. ఆయనది రెడ్‌మీ, రెండు సిమ్‌లు పట్టే ఫోను, అందులో ప్రీపెయిడ్ సిమ్ ఒకటే వేసుకున్నారు. పెన్షన్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఎల్ఐసీ, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నిటికీ ఆ ఒక్క నంబరే. అమ్మది కీప్యాడ్ ఫోను. వెనక మూత ఊడిపోతుంటే రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంది, కొత్తది కొనిస్తానంటే వద్దంటుంది. ఆమె ఆధార్, డ్వాక్రా పొదుపు ఖాతా ఆ నంబరుకే లింకై ఉన్నాయి.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో అడిగితే "రోమింగ్ ప్యాక్ వేయించుకోండి మేడమ్, అంతే" అన్నారు. యాప్‌లో చూస్తే అన్నీ కొన్ని రోజులకో, నెలకో ఉండే ప్యాకులు. ఆరు నెలలకి, ఇద్దరికి లెక్క కడితే మా ఆయన చూసి "ఇంకో టికెట్ వచ్చేట్టుందే" అన్నారు. మాట్లాడుకునేదానికి చెల్లెలింట్లో వైఫై ఉంది, వాళ్లకి నిజంగా కావాల్సింది ఓటీపీలు రావడం, అంతకుమించి ఏం లేదు. ప్యాక్ లేకపోతే ఓటీపీలు రావా? ఇన్నాళ్లు వాడకపోతే సిమ్ ఆగిపోతుందా? అమ్మ కీప్యాడ్ ఫోను అక్కడ పనిచేస్తుందా? దుబాయ్‌లో ఫోన్ ఆన్ చేస్తే వేలల్లో బిల్లు పడుద్దని మా మరిది ఒకటే భయపెడుతున్నాడు, ప్రీపెయిడ్‌కి బిల్లేంది అసలు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు_రీఛార్జ్:

అమ్మా, నాది ఒంగోలులో సిమ్‌లు, రీఛార్జుల షాపు. పిల్లల దగ్గరికి పోయే పెద్దవాళ్లు మా దగ్గరికి వచ్చి అడిగేది ఇదే. మీకు షాపులో చెప్పింది తప్పు కాదు గానీ మీకు అక్కర్లేని సరుకు చెప్పారు.

రోమింగ్ అని మనం ఒకే మాట అంటాం, లోపల మూడు సంగతులున్నాయి. మొదటిది, ఆ నంబరు మీద విదేశీ రోమింగ్ సర్వీసు తెరిచి ఉండటం. ఇది కంపెనీ వైపు జరిగే పని. తెరవకపోతే సిమ్ అక్కడ ఏ నెట్‌వర్కునూ పట్టుకోదు, మెసేజ్ కూడా రాదు. రెండోది ప్యాక్, అంటే కాల్స్, డేటా తక్కువ రేటుకి ఇచ్చే టాపప్. మూడోది ఫోన్లో ఉండే డేటా రోమింగ్ స్విచ్. మీ నాన్నగారికి కావాల్సింది మొదటిది మాత్రమే. సర్వీసు తెరిచి ఉండి, ఇక్కడి మామూలు రీఛార్జ్ చెల్లుబాటులో ఉంటే, ప్యాక్ లేకపోయినా వచ్చే మెసేజ్‌లు వస్తాయి, వాటికి మామూలుగా డబ్బులు పడవు. మీ కంపెనీ రేట్ల పట్టికలో అమెరికా పేరు దగ్గర ఇన్‌కమింగ్ మెసేజ్‌కి ఏం రాసుందో మాత్రం మీ కళ్లతో ఒకసారి చూసుకోండి. కొన్నిచోట్ల సర్వీసు తెరిచేదానికి మెయిన్ బ్యాలెన్స్ కొంత ఉంచమనో, ఒక చిన్న ప్యాక్ వేసుకోమనో అడుగుతారు, అడిగితే వేయించండి, ఆరు నెలలకీ అక్కర్లేదు.

ఈ పని ఇక్కడున్నప్పుడే చేయాలి. అక్కడికి పోయాక తెరుద్దామంటే యాప్‌లోకి లాగిన్ కావాలంటే ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ రావాలంటే రోమింగ్ కావాలి. ఇక తిరగండి ఆ చుట్టూ.

సిమ్ ఆగిపోవడం గురించి. ట్రాయ్ (ఫోన్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ తీసేయొచ్చు, బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతుంది. కానీ ఆ అంచు దాకా పోనీయొద్దు, ప్లాన్ గడువు అయిపోయిన కొన్నాళ్లకే మెసేజ్‌లు ఆగిపోతాయి. 2024 డిసెంబరులో ట్రాయ్ ఒక సవరణ తెచ్చింది, డేటా అక్కర్లేనివాళ్లకి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్ ప్రతి కంపెనీ పెట్టాలని, దాని గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని. ఏడాదికి దగ్గర్లో ఉండే అట్టాంటి ప్లాన్లు రెండు వేల లోపే దొరుకుతున్నాయి. నాన్నగారికి ఇక్కడి డేటాతో పనేముంది, అది వేయించి పంపండి. మధ్యలో అయిపోయినా కావలిలో కూర్చుని మీరే రీఛార్జ్ చేయొచ్చు.

ఫోన్లో మొబైల్ డేటా, డేటా రోమింగ్ రెండూ ఆఫ్ చేసి పంపండి. ప్రీపెయిడ్‌కి బిల్లు రాదు, నిజమే, మెయిన్ బ్యాలెన్స్ ఉన్నంత వరకు కోసుకుంటుంది, అంతే. మీ మరిది చెప్పే వేల రూపాయల కథలు పోస్ట్‌పెయిడ్ వాళ్లవి.

డల్లాస్_నెల్లూరోడు:

పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ సర్వీసు తెరిచినా ఫోను అక్కడి సిగ్నల్ పట్టాలి కదా. ఈ సంగతి ఇండియాలో ఎవరూ చెప్పరు.

అక్కా, అమ్మగారి కీప్యాడ్ ఫోను 2జీది అయితే ఇక్కడ దాంతో టైము చూసుకోవచ్చు, అంతే. ఇక్కడి పెద్ద ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 2జీని 2017లోనే మూసేసింది, 3జీని 2022 ఫిబ్రవరిలో. మిగతా రెండు పెద్ద కంపెనీలు కూడా ఆ ఏడాదిలోనే 3జీ తీసేశాయి. ఇక్కడ ఇప్పుడు 4జీ, 5జీలదే రాజ్యం.

నాన్నగారి రెడ్‌మీ సంగతి. ఫోను, టవరు మాట్లాడుకునే తరంగాల వరసల్ని బ్యాండ్లంటారు, ఒక్కోదానికి ఒక నంబరు. ఇండియాలో అమ్మే చాలా ఫోన్లు 3, 5, 8, 40, 41 బ్యాండ్ల కోసం చేసినవి. ఇక్కడ ఎక్కువగా నడిచేవి 2, 4, 12, 13, 66, 71. కొన్ని కలుస్తాయి, చాలా కలవవు. అందుకే ఎయిర్‌పోర్టులో నిండుగా సిగ్నల్ చూపించిన ఫోను ఇంటికొచ్చి బెడ్‌రూమ్‌లో పెడితే చచ్చిపోతుంది, పెద్దాయనేమో "మీ అమెరికాలో టవర్లు లేవేందిరా" అంటాడు. మోడల్ పేరు పట్టుకుని తయారీ కంపెనీ వెబ్‌సైటులో ఏ బ్యాండ్లున్నాయో చూడండి. 2, 4, 12, 66లో రెండన్నా ఉంటే పర్లేదు. అసలు ఏవీ లేకపోతే మీ చెల్లెలి ఇంట్లో మూలన పడున్న పాత ఫోను ఒకటి తీయమనండి, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ డ్రాయర్ తీస్తే ఒకటుంటుంది. అది ఒకే కంపెనీ సిమ్‌కి లాక్ చేయనిదై ఉండాలి. ఐఫోన్ 14, ఆ తర్వాత అమెరికాలో అమ్మినవాటికి సిమ్ పెట్టే స్లాటే లేదు, అవి మీకు పనికిరావు.

ఇక్కడి సిమ్ కూడా తీసుకోండి. మీ చెల్లెలి ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను కలిపితే అయిపోతుంది. వాకింగ్‌కి పోయి దారి తప్పితే (మా మామగారు పోయారు, ఇక్కడి సందులన్నీ ఒకేలా ఉంటాయి) వైఫై వెంట రాదు కదా. ఒక స్లాటులో మన సిమ్, ఇంకో దాంట్లో ఇక్కడి సిమ్. డేటాకి ఇక్కడి సిమ్ పెట్టి, దానికి సిగ్నల్ తగ్గితే రెండో సిమ్‌కి దానంతటదే మారిపోయే ఆప్షన్ ఒకటుంటుంది, అది ఆఫ్ చేయండి. ఏటీ అండ్ టీ తాను ఒప్పుకున్న మోడళ్లనే నెట్‌వర్కులోకి రానిస్తుంది, మన దగ్గర కొన్న చాలా ఫోన్లు ఆ జాబితాలో ఉండవు. కాబట్టి సిమ్ కొనే ముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు నంబరు) తీసుకుని, ఆ కంపెనీ సైట్‌లో పనిచేస్తుందో లేదో చూసుకోమనండి. టీ-మొబైల్ అని ఇంకో కంపెనీ ఉంది, అది ఈ విషయంలో కాస్త నయం.

ఇంకోటి. మన సిమ్‌కి ఇండియా నుంచి కాల్ వస్తే ఎత్తొద్దని గట్టిగా చెప్పండి. ఎత్తితేనే నిమిషాల లెక్కన డబ్బులు, మోగి ఆగిపోతే ఏమీ లేదు. మీకు మధ్యాహ్నం పన్నెండంటే ఇక్కడ రాత్రి పన్నెండున్నరో ఒకటిన్నరో, లోన్ కావాలా సార్ అని సరిగ్గా అప్పుడే మోగుద్ది. రాత్రిపూట సైలెంట్‌లో పడేయాలి.

చీమకుర్తి_గెలాక్సీ:

నేను గ్రానైట్ ఎగుమతి పని మీద చైనా, దుబాయ్ తిరుగుతుంటాను, షియామెన్ స్టోన్ ఫెయిర్ అంటే మా ఊళ్లో సగం మంది అక్కడే కనపడతారు. ప్యాక్ అసలొద్దు అన్నదానికి నేను ఒప్పుకోను.

మొదటిసారి పోయేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, మధ్యలో దుబాయ్. టెర్మినల్ మారాలో, గేటు ఎక్కడో, విమానం లేటో, ఆ టైములో "ఎయిర్‌పోర్టు వైఫైకి కనెక్ట్ అవ్వండి నాన్నా" అని చెబితే ఆయన ఏ బటన్ నొక్కుతారో దేవుడికెరుక. రెండు దేశాల్లోనూ పనిచేసే చిన్న ప్యాక్ ఒకటి నాన్నగారికి మాత్రం వేయండి. వేసే ముందు ఆ ప్యాక్ కింద ఉన్న దేశాల జాబితాలో యూఏఈ, అమెరికా రెండూ ఉన్నాయో లేదో చూడండి, ఒక్క అమెరికాదే తీసుకుంటే దుబాయ్‌లో డేటా వాడిన ప్రతి ఎంబీకీ మామూలు రేటు పడుద్ది. ప్యాక్ చాలావరకు అక్కడి నెట్‌వర్కు పట్టుకున్నప్పుడు మొదలవుతుంది, కొన్ని మాత్రం కొన్న రోజు నుంచే. అది కూడా అడగండి. ప్యాక్ ఉన్నన్నాళ్లు డేటా రోమింగ్ ఆన్, అయిపోగానే ఆఫ్.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పోదని అందరూ అంటారు. అక్కడి సిమ్‌తో, అక్కడి వైఫైతో నిజంగానే పోదు, మెసేజ్‌లు మాత్రం పోతాయి. మన సిమ్ రోమింగ్ డేటాతో అయితే మామూలుగా కాల్ కూడా పోతుంది. ఎందుకంటే రోమింగ్‌లో డేటా ముందు మన దేశంలోని మన కంపెనీ దగ్గరికి వచ్చి, అక్కణ్ణించి ఇంటర్నెట్‌లోకి పోతుంది. క్వారీలో రాయి ఎక్కడ కోసినా లారీ ముందు కాటా దగ్గరికి రావాల్సిందే, అట్టా. చైనాలో మా వాళ్ల ఫోన్లలో గూగుల్, వాట్సాప్ పనిచేసేది కూడా ఇందుకే. చుట్టు తిరిగొస్తుంది కాబట్టి కొంచెం నెమ్మది, అంతే.

మీ మరిది భయపెట్టాల్సింది దుబాయ్ గురించి కాదు, విమానం గురించి. కొన్ని విమానాల్లో లోపలే ఒక మొబైల్ నెట్‌వర్కు ఉంటుంది, శాటిలైట్ ద్వారా నడిచేది. ఓడల్లో కూడా అంతే. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే దాన్ని పట్టేసుకుంటుంది, మామూలు దేశాల ప్యాకులు దానికి వర్తించవు, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. మాతో పనిచేసే ఒకాయనకి పోస్ట్‌పెయిడ్ మీద అట్టా పడింది, కంపెనీ చుట్టూ తిరిగి తిరిగి చివరికి సగం కట్టాడు. విమానం ఎక్కి కూర్చోగానే ఫ్లైట్ మోడ్. బెల్టు పెట్టుకోవడం ఎట్టానో ఇదీ అట్టానే అని చెప్పండి.

కావలి_పెద్దమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్న ఫోను మోడల్ చూశాను, అన్న చెప్పిన అమెరికా బ్యాండ్లలో 2, 4, 66 ఉన్నాయి, 12, 71 లేవు. నాన్నకి రెండు దేశాల చిన్న ప్యాక్ తీసుకుంటాము.

అమ్మ సిమ్ ఏం చేయాలి మరి? నాన్న ఫోన్లో రెండో స్లాటులో వేస్తే అక్కడి సిమ్‌కి చోటుండదు. రెండు ఇండియా సిమ్‌లూ ఒక పాత ఫోన్లో వేసి చెల్లెలింట్లో ఛార్జింగ్‌లో పెట్టేస్తే ఓటీపీల ఫోన్‌లాగా ఉంటుందని మా ఆయన అంటున్నారు. లేదంటే అమ్మ సిమ్ నా దగ్గరే ఉంచుకుని ఏదన్నా వస్తే నేను చెప్పనా?

గూడూరు_క్యాషియర్:

నేను బ్యాంకులో పనిచేస్తాను, కాబట్టి ఓటీపీ సొంత కూతురికి కూడా చెప్పొద్దనే చెప్పాలి. చెప్పాను. ఇప్పుడు అసలు సంగతికొద్దాం.

అమ్మగారి సిమ్ మీ దగ్గరే ఉండనీయండి. ఆమెకి యాప్ లేదు, యూపీఐ లేదు, ఆరు నెలల్లో ఆ నంబరుతో పడే పని ఏదన్నా ఉంటే ఇక్కడ ఆధార్ ఓటీపీ ఒకటి, ఖాతాలో డబ్బులు పడ్డాయని మెసేజ్ ఒకటి. దానికి రోమింగ్, కొత్త ఫోను ఇవన్నీ దండగ. రీఛార్జ్ మాత్రం ఆపొద్దు. ఖాతా నంబరు పేరు మీద ఎవరన్నా ఫోన్ చేసి వివరాలు అడిగితే మీరు కూడా చెప్పొద్దు.

నాన్నగారి సిమ్‌ని మాత్రం ఓటీపీల ఫోను అని వేరే ఫోన్లోకి మార్చొద్దు. బ్యాంకు యాప్, యూపీఐ యాప్ ఏ ఫోన్లో ఏ సిమ్‌తో రిజిస్టర్ అయ్యాయో ఆ జోడీని గుర్తు పెట్టుకుంటాయి. విడదీస్తే మళ్లీ రిజిస్టర్ చేయమంటాయి, దానికి ఆ ఫోను నుంచి ఒక మెసేజ్ బయటికి పోవాలి. రోమింగ్‌లో పోయే మెసేజ్‌కి డబ్బులు పడతాయి, ఒక్కోసారి పోదు కూడా, అప్పుడు ఇక్కడికి వచ్చేదాకా ఖాతా తెరుచుకోదు. అక్కడున్నన్నాళ్లు యాప్ తీసేసి మళ్లీ వేయడం, ఫోన్ రీసెట్ చేయడం లాంటివి మనవళ్ల చేతికి ఇవ్వకండి. వాట్సాప్ లాంటి యాప్‌లు కూడా ఆ నంబరు సిమ్ ఫోన్లో ఉంటేనే పనిచేసేట్టు చేయాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశం ఇచ్చింది. ఆ లెక్కన కూడా ఆయన సిమ్ ఆయన ఫోన్లో ఉండటమే మేలు. అక్కడి సిమ్ వేశాక వాట్సాప్ నంబరు మార్చాలా అని అడిగితే వద్దని నొక్కాలి, పాత నంబరుతోనే నడుస్తుంది.

పోయే ముందు బ్రాంచికి వెళ్లి ఖాతాకి ఈ-మెయిల్ రిజిస్టర్ అయ్యి ఉందో లేదో చూడండి. కొన్ని బ్యాంకులు ఓటీపీ మెయిల్‌కి కూడా పంపుతాయి. ఎల్ఐసీ ప్రీమియం లాంటివి నెల నెలా ఖాతా నుంచి పోయేట్టు పెట్టేస్తే సగం ఓటీపీల అవసరమే రాదు. ఆ ఆరు నెలల్లో గడువు తీరే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే ఏం చేయాలో ఇప్పుడే రాసిచ్చేయండి, పెద్దవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది దాని దగ్గరే. పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెలలు ఈ ఆరింటిలో పడతాయేమో ట్రెజరీలో అడగండి.

డల్లాస్_నెల్లూరోడు:

అక్కా, 66 ఉంది కదా, టీ-మొబైల్‌తో లాగించొచ్చు, ఇంట్లో లోపలి గదుల్లో కాస్త వీక్‌గా ఉంటుంది. మన సిమ్‌కి సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు ఓటీపీ లేటుగా వచ్చి గడువు అయిపోతుంది. బ్యాంకు పని పెట్టుకున్నప్పుడు కిటికీ దగ్గర కూర్చోమనండి. కొన్ని కంపెనీలు వైఫై కాలింగ్ (టవరు బదులు వైఫై మీదే సిమ్ నడవడం) విదేశాల్లో కూడా ఇస్తాయి, మీది ఇస్తుందేమో అడిగి, ఇస్తే ఇక్కడే ఆన్ చేసి పంపండి.

ల్యాండ్ అయ్యాక ఫ్లైట్ మోడ్ తీసి ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి. నెట్‌వర్కు పేరు రాకపోతే ఫోను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాలి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్కు ఆటోమేటిక్ తీసేసి జాబితాలో కనపడే ఒక్కోదాన్నీ చేత్తో ఎంచుకోవాలి, మన కంపెనీకి ఒప్పందం ఉన్నదే కలుస్తుంది. ఎయిర్‌పోర్టులో ఉచిత వైఫై ఉంది. చెల్లెలి ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు +1తో సహా కాగితం మీద రాసి ఆయన చొక్కా జేబులో పెట్టండి, ఇమిగ్రేషన్ వాళ్లు అడిగినప్పుడు ఫోన్లో వెతుక్కోకుండా.

కావలి_పెద్దమ్మాయి:

నాన్న సిమ్ చాలా పాతది, ఎప్పుడో 3జీ రోజుల్లో తీసుకున్నది. అది మార్పించాలా? ఈ వారం కుదరదు, ప్రయాణం రోజు ఎటూ చెన్నై పోతాం కదా, అక్కడ మార్పిస్తే సరిపోతుందా?

ఒంగోలు_రీఛార్జ్:

చెన్నైలో వద్దమ్మా! సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఆ నంబరుకి మెసేజ్‌లు రావు, పోవు, మోసాలు ఆపేదానికి టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. బయల్దేరే రోజు మారిస్తే దుబాయ్ దాకా ఓటీపీ అనేది రాదు, ఏదన్నా తేడా వస్తే చూసుకునేదానికి మనిషి ఇక్కడుండడు. పాత సిమ్‌ని 4జీ సిమ్‌గా మార్చడం తప్పనిసరి, లేకపోతే అమెరికాలో అసలు పట్టదు. కనీసం రెండు వారాల ముందు కావలిలోనే నాన్నగారిని వెంటబెట్టుకుని ఆధార్ తీసుకుని కంపెనీ స్టోరుకి పోండి, వేలిముద్ర ఆయనదే పడాలి. మార్చి, ఒకరోజు ఆగి, బ్యాంకు ఓటీపీ ఒకటి వస్తుందో లేదో చూసి, ఆ తర్వాత రోమింగ్ సర్వీసు తెరిపించండి, ఆ వరసలోనే. కాల్ ఫార్వర్డింగ్ ఏమన్నా పెట్టి ఉంటే ##002# కొట్టి తీసేయండి, ఎత్తని కాల్ ఇంకో నంబరుకి మళ్లితే దానికి కూడా డబ్బులు పడతాయి.

అమ్మగారి ఫోనుకి మాత్రం ఆ రబ్బరు బ్యాండు తీయకుండా మీ దగ్గర అట్టాగే పెట్టుకోండి, బ్యాటరీ ఊడిందంటే మళ్లీ టైము, తేదీ అన్నీ పెట్టుకోవాలి.